పని తెలిసినవారు తోటివారికి ఎందుకు చెబుతారు, ఎందుకు దాచుకుంటారు?

మూడు లాంతర్లు (విజయనగరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో మెయింటెనెన్స్ విభాగం చూస్తున్నాను. మా విభాగంలో ఫిట్టర్లు, హెల్పర్లు కలిపి పదకొండు మంది ఉన్నారు. వారిలో ముగ్గురు ముప్పై ఏళ్లుగా ఆ యంత్రాల మధ్యనే బతికినవారు. మిగిలినవారు ఐ.టి.ఐ. చదివి ఈ రెండు మూడేళ్లలో చేరిన కుర్రవాళ్లు. ఆ ముగ్గురిలోనూ పెద్దాయన వచ్చే మార్చి నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయనతోపాటు మిల్లు గేటు దాటి ఏమేమి వెళ్లిపోతాయో తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

జూట్ పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. నారకు నూనె, నీళ్లు కలిపిన ద్రావణం పట్టించి, కుప్పపోసి మాగనిచ్చి, ఆ తర్వాత కార్డింగు యంత్రాల్లో దువ్వి, డ్రాయింగులో సాగదీసి, చివరకు స్పిన్నింగుకు పంపుతారు. మన వైపు పండే గోగునార బెంగాలు జనపనార కంటే మోటుగా ఉంటుంది. ఒకప్పుడు భీమునిపట్నం రేవు పేరుతో బిమ్లి జూట్ అని దేశాలకు వెళ్లిన సరుకు అదే. మిల్లుకు వచ్చిన నార లాటులో గోగునార వాటా పెరిగితే కార్డింగు యంత్రం అమరిక కొద్దిగా మారాలి. ఆ కొద్ది ఎంత అన్నది యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉండదు. నారను గుప్పిట పట్టి ఒక్కసారి నలిపి చూసి మా పెద్దాయన చెబుతారు.

ఇంకొకటి చెబుతాను. మొన్న ఒక రాత్రి షిఫ్టులో స్పిన్నింగు ఫ్రేము ఒకటి మూలుగుతోందని కబురు వస్తే ఆయనతోపాటు నేనూ వెళ్లాను. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీది దిమ్మకు ఆనించి, చెక్క పిడిని చెవి వెనుక ఎముకకు తాకించి, కళ్లు మూసుకుని అర నిమిషం విన్నారు. తర్వాత రెండో వైపు వెళ్లి అలాగే విన్నారు. "ఇది ఇంకో నాలుగు రోజులు ఆగుతాది, అదైతే ఆగదు" అన్నారు. ఆయన చూపించిన బేరింగును విప్పితే లోపలి రేసు మీద, అంటే గుండ్లు తిరిగే కడియం మీద, గోరంత పెచ్చు లేచి ఉంది. ఎలా తెలిసిందని అడిగితే, "అది చెప్తే వచ్చీది కాదు బాబూ, వినగా వినగా వస్తాది" అని చేతులు తుడుచుకుని వెళ్లిపోయారు.

ఇలాంటివి రాసిపెట్టించాలని నాలుగు నెలల క్రితం యాజమాన్యం ఒక పథకం పెట్టింది. పని కిటుకు ఒకటి నోటుబుక్కులో రాసి సంతకం చేస్తే వంద రూపాయలు ఇస్తారు. మొదటి నెలలోనే పుస్తకం సగం నిండింది. తీరా చూస్తే గ్రీజు వేళకు పెట్టాలి, బెల్టు వదులైతే బిగించాలి వంటి మాటలే తప్ప బేరింగు చప్పుడు గురించి గాని, గోగు లాటు గురించి గాని ఒక్క వాక్యం లేదు. ఒకే కిటుకును ఇద్దరు రాయడంతో ఎవరిది ముందన్న తగాదా కూడా వచ్చింది. మూడు నెలలకు పథకం ఆపేశారు. ఇప్పుడు పరిస్థితి అంతకుముందు కంటే అన్యాయంగా ఉంది. గతంలో టీ వేళ మాటల మధ్య దొర్లే నాలుగు సంగతులు కూడా ఆగిపోయాయి. "అప్పుడు రాస్తే డబ్బులిచ్చారు, ఇప్పుడు ఊరికే చెప్పాలా?" అని ఒకాయన నా ముఖం మీదే అడిగారు.

ఈ పెద్దవాళ్లెవరూ చెడ్డవారు కారు. కుర్రవాడి చేతికి దెబ్బ తగిలితే తమ డబ్బుతో ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకువెళ్లే మనుషులు. మరి పని దగ్గరికి వచ్చేసరికి ఈ బిగింపు ఎందుకు? మీరు పనిచేసే చోట్ల తెలిసినవారు తెలియనివారికి మనసారా చెప్పిన సందర్భాలు ఉంటే, అక్కడ వారిని కదిలించింది ఏమిటో దయచేసి రాయండి.

ఉద్దానం వాసి (పలాస దగ్గర) సమాధానం

నేను ముప్పై నాలుగేళ్లు కరెంటు లైన్ల మీద పనిచేసి విరమించినవాణ్ణి. మీ పెద్ద ఫిట్టరు గారి పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఇక్కడ ఒకరైనా ఉండాలనిపించి రాస్తున్నాను.

దాచుకునేవాడికి తాను దాచుకుంటున్నానన్న తలంపే ఉండదు. ఏ లైను ఏ జీడితోట వెనుక నుంచి పోతుందో, వానలు పట్టగానే ఏ స్తంభం మొదలు వదులవుతుందో, ఏ స్విచ్చి లాగితే పైకి తెగినట్టు కనిపించినా ఒక ఫేజు అంటుకునే ఉంటుందో, అవన్నీ నా బుర్రలోనే ఉండేవి. అర్ధరాత్రి ఫోను వస్తే విసుక్కునేవాణ్ణి. కాని ఆ ఫోను నాకు కాక ఇంకొకరికి వెళ్లిందని తెలిస్తే ఆ విసుగుకు పదింతల బాధ కలిగేది. నా చదువు పదో తరగతితో ఆగింది. పై చదువు చదివినవారు నా తర్వాత వచ్చి నా పైకి వెళ్లారు. "ఆయన రాకపోతే లైను రాదు" అని ఊళ్లో అనుకునే మాట ఒక్కటే నేను సంపాదించుకున్న ఆస్తి. ఆ ఆస్తిని కాగితం మీద రాసి ఇచ్చెయ్యమంటే ఏ మనిషికైనా చెయ్యి ఆడదు.

దీనికి తోడు పాత దెబ్బ ఒకటి ఉంది. చేరిన కొత్తలో చెరువు గట్టు మీదుగా పోయే ఒక లైనును ఎలా మళ్లిస్తే ఏటా తెగకుండా ఉంటుందో అప్పటి పై అధికారి ఒకరికి వివరంగా చెప్పాను. అలాగే చేశారు, లైను నిలిచింది. ఆ మంచి ఆలోచన ఆయనదే అని అందరూ అన్నారు, ఆయన కాదనలేదు. ఆ తర్వాత పదిహేనేళ్లపాటు నేను అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాను, అడగనిది చెప్పలేదు. మీ పెద్దాయనకు కూడా ఇలాంటిది ఏదో ఒకటి జరిగే ఉంటుంది. అది మీ హయాంలో జరిగి ఉండకపోవచ్చు, కాని ఆ లెక్క మీ కుర్చీ ఖాతాలోనే ఉంటుంది.

నేను నోరు విప్పింది 2018లో. ఆ ఏడాది అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు వరసకు వరస ఒరిగిపోయాయి. బయటి జిల్లాల నుంచి పని జట్లు వచ్చాయి గాని వారికి లైన్ల సంగతి అటుంచి, చెట్లు పడి మూసుకుపోయిన ఊరి దారులే తెలియవు. ఒక కుర్ర లైన్‌మన్ నా దగ్గరికి వచ్చి, "బాబాయ్, నువ్వు కూర్చుని చెప్పు, నేను గీస్తాను" అన్నాడు. గోడ క్యాలెండరు చింపి వెనుకవైపు తెల్లకాగితం మీద గీతలు గీశాడు. ఎక్కడ ఏ మలుపు, ఎక్కడ ఏ ప్రమాదం అన్నది నేను రెండు గంటలు చెప్పాను. పని అయ్యాక కాగితం పైభాగాన నా పేరు రాసి, చెప్పింది ఈయన అని కింద గీత గీశాడు. ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో పడి జట్టు నుంచి జట్టుకు తిరిగింది. అన్నిటికంటే నాకు ఇప్పటికీ గుర్తున్నది వేరే ఉంది. సాయంత్రం ఆ కుర్రవాడు బురద కాళ్లతో మళ్లీ వచ్చి, "నువ్వన్న స్తంభం దగ్గరే తెగింది బాబాయ్" అని చెప్పి వెళ్లాడు. ఆ మరునాటి నుంచి అడగకపోయినా నేనే పిలిచి చెప్పడం మొదలుపెట్టాను.

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆఫీసు గదిలో నోటుబుక్కు ముందు పెట్టి ఆయన్ను అడగవద్దు. చెడిపోయిన యంత్రం ముందు నిలబడి అడగండి. ఆయన చెప్పింది పనికి వచ్చినప్పుడు, వచ్చిందని తిరిగి వెళ్లి ఆయనతో చెప్పండి.

ఏడు రోడ్ల కూడలి (శ్రీకాకుళం) సమాధానం

నేను శ్రీకాకుళంలో మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పాఠం చెబుతాను. ఉద్దానం బాబాయ్ గారు రాసినదానికి నేను చేర్చేది పుస్తకాల సంగతులే గాని, అవి మీ మిల్లు పథకం ఎందుకు ఎదురు తిరిగిందో చూపిస్తాయి కనుక కాస్త విపులంగా రాస్తాను.

ఇష్టంగా చేసే పనికి డబ్బు ముడిపెట్టి తర్వాత ఆ డబ్బు తీసేస్తే, ఇష్టం మొదటి చోటికి తిరిగి రాదు. ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికా మనస్తత్వవేత్త 1971లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే చిక్కుముడి ఆటను ఇచ్చాడు. కొందరికి మధ్యలో ఒక విడత మాత్రం విప్పిన ప్రతి చిక్కుకూ డబ్బు ఇచ్చి, తరువాతి విడతలో ఆపేశాడు. డబ్బు ఆగిన తర్వాత వారు ఖాళీ సమయంలో ఆ ఆటను ముట్టుకోవడం తగ్గింది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద జరిగిన అధ్యయనం, 2000లో వచ్చినది, ఇంకా మీకు దగ్గరగా ఉంటుంది. సాయంత్రం ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా బాగా పెరిగాయి. జరిమానా ఎత్తేసిన తర్వాత కూడా పాత స్థితికి రాలేదు. అంతవరకు పంతులమ్మను ఇబ్బంది పెట్టకూడదన్న మొహమాటం ఉండేది, జరిమానా వచ్చాక అది ధర చెల్లించి కొనుక్కునే సేవ అయిపోయింది. మీ టీ వేళ మాటలకు పట్టిన గతి కూడా ఇదే. మీరు వంద రూపాయలు ఇచ్చి ఆ మాటలకు ఒక ధర ఉందని చెప్పారు. ఇప్పుడు ధర ఇవ్వకుండా సరుకు అడుగుతున్నారు.

తోటివారితో తెలివి పంచుకునే విషయంలోనే కొరియా సంస్థల మేనేజర్ల మీద చేసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. బహుమతులు వస్తాయన్న ఆశ, పంచుకోవడం పట్ల వారి వైఖరిని మెరుగుపరచలేదు సరికదా దెబ్బతీసింది. ఇచ్చిపుచ్చుకోవడం వల్ల బంధాలు బలపడతాయన్న నమ్మకం, తన మాట నలుగురికీ పనికి వస్తోందన్న భావన మాత్రం మేలు చేశాయి. బాబాయ్ గారి దగ్గరికి ఆ కుర్రవాడు సాయంత్రం తిరిగి రావడం ఈ రెండో కోవలోనిది.

పేరు సంగతికి కూడా పెద్ద ఉదాహరణ ఉంది. జిరాక్స్ కంపెనీలో కాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్లను జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త వారి వెంటే తిరిగి పరిశీలించాడు. కంపెనీ ఇచ్చిన పుస్తకాల కంటే టిఫిను దగ్గర, కాఫీ దగ్గర ఒకరికొకరు చెప్పుకునే కథలతోనే వారు మొండి యంత్రాలను దారికి తెస్తున్నారని గమనించాడు. తరువాత 1990లలో ఆ కంపెనీ యురేకా అనే పేరుతో అలాంటి కిటుకులను పోగుచేసే ఏర్పాటు చేసింది. పంపిన కిటుకును తోటి టెక్నీషియన్లే పరీక్షించి, నిలబడితే పంపినవారి పేరుతో అందరికీ అందించేవారు. కిటుకుకు ఇంత అని డబ్బు ఇవ్వాలన్న ఆలోచన వస్తే, అప్పుడు లెక్క పెరిగి నాణ్యత పోతుందని దాన్ని వద్దనుకున్నారు. మీ నోటుబుక్కులో గ్రీజు వాక్యాలు నిండిపోవడం చదవగానే నాకు గుర్తుకు వచ్చింది ఇదే.

ఇక "చెప్తే వచ్చీది కాదు" అన్న మాటను ఆయన దాచుకోవడం కింద జమకట్టవద్దని నా మనవి. మనిషికి తెలిసింది మాటల్లో పెట్టగలిగినదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని మైకేల్ పొలానీ అనే తత్వవేత్త ఎన్నడో వాదించాడు. జపానులో మత్సుషిత కంపెనీ ఇంటి రొట్టెల యంత్రం తయారు చేస్తున్నప్పుడు పిండి సరిగా పిసకలేక యంత్రం మొరాయించింది. ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలోని ఒక హోటలు వంటమేస్త్రి దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీస్తూనే మెలిపెడుతున్నాడని పట్టుకుంది. ఆ మెలిక సంగతి ఆ మేస్త్రి ఎవరికీ చెప్పలేదంటే దాచాడని అర్థం కాదు, తాను అలా చేస్తున్నట్టు ఆయనకే తెలిసి ఉండకపోవచ్చు. మీ పెద్దాయన చెవికి వినిపించేది కూడా అలాంటిదే. దాన్ని రాయించడానికి ప్రయత్నించడం మాని, ఒక కుర్రవాణ్ణి ఆయన పక్కన పెట్టండి.

రాత్రి డ్యూటీ (విజయనగరం) సమాధానం

నేను పిల్లల వార్డులో సీనియర్ స్టాఫ్ నర్సును. పైవారంతా చెప్పేవారి మనసు గురించి రాశారు. అడిగేవారి నోరు ఎందుకు పెగలదో కూడా ఆలోచించాలని నా అభిప్రాయం.

నేను చేరిన తొలి నెలలో, బంధువులు చుట్టూ నిలబడి ఉండగా ఒక సందేహం అడిగితే, "ఆ మాత్రం తెలీకుండానే వచ్చావా?" అన్నారు ఒక పెద్ద సిస్టర్. ఆమె మంచి మనిషే, అలసిపోయి ఉన్నారు. కాని మా బ్యాచి అమ్మాయిలు ఆరుగురం ఏడాదిపాటు ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకరి తప్పులు ఒకరం కప్పిపుచ్చుకున్నాం. తర్వాత ఒక శిక్షణ తరగతిలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలి గురించి విన్నాను. ఆమె 1990లలో ఆసుపత్రి జట్లను పరిశీలిస్తే, మంచి నాయకత్వం ఉన్న జట్లలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ ఎక్కువ పొరపాట్లు జరగలేదు, జరిగినవాటిని భయం లేకుండా చెప్పుకున్నారు. మా ఆరుగురి ఏడాది నాకు అప్పుడు అర్థమయింది.

నాకు పని నేర్పింది వేరొక సిస్టర్. విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన ఏడు నెలల బిడ్డకు సెలైను పెట్టాలి. కాలి మీద, చేతి మీద ఎక్కడా నరం కనిపించడం లేదు. ఆమె నా చూపుడు వేలును తన వేలి కింద పెట్టుకుని బిడ్డ మడమ పైన మెల్లగా నొక్కుతూ, "కళ్లతో ఎతకొద్దమ్మా, వేలుతో ఎతుకు. తడిసిన రబ్బరు లాగ ఎగురుతాది చూడు" అన్నారు. ఎగిరింది. ఆ స్పర్శ ఇప్పటికీ నా వేలి కొసన ఉంది. ఆ రోజు ఆమె నాకు అంత ఓపికగా చూపించగలగడానికి ఒక కారణం ఏమిటంటే, అంతకుముందు రోజే వార్డుకు ఇంకొక నర్సును వేశారు. చెప్పాలని మనసున్నా చేతిలో పదిహేను మంచాలు ఉంటే ఎవరూ చెప్పలేరు. మేస్టారు గారు చెప్పిన పరిశోధనలన్నీ నిజమే అయినా, డ్యూటీ చార్టులో నేర్పడానికి వేళ కేటాయించని చోట అవి పనిచేయవని నా అనుభవం. మీ పెద్దాయనకు కుర్రవాణ్ణి అప్పగించే రోజుల్లో ఆయన మీద వేరే బ్రేక్‌డౌన్ పని పెట్టకండి. అది చేయలేకపోతే ఆయన నేర్పలేదని అనవద్దు.

పొందూరు ఆడపడుచు సమాధానం

మా ఇంట్లో అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ నూలు వడికినవారే. పొందూరు సన్న ఖద్దరు గురించి చాలామందికి తెలుసు. దాని వెనుక ఉన్న కొండపత్తి, వాలుగ చేప దవడ ఎముక గురించి తక్కువమందికి తెలుసు. ఆ దవడలో దగ్గర దగ్గరగా ఉండే సన్నటి పళ్లతో పత్తిని దువ్వితే నలుసు, చెత్త పోయి పోగులన్నీ ఒకే వైపు పరుచుకుంటాయి. ఎముక మీద చెయ్యి బరువు కాస్త ఎక్కువైతే పోగు తెగుతుంది, తక్కువైతే నలుసు మిగిలిపోతుంది. తర్వాత ఏకులు చేసి, అవి మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు.

మా అమ్మమ్మ ఈ పనిని ఎవరి దగ్గరా దాచలేదు. ఇంటి కోడళ్లకు, వీధిలో ఆడవాళ్లకు, ఎవరు వచ్చి పక్కన కూర్చున్నా నేర్పింది. పేరు కోసం కాదు, డబ్బు కోసం కాదు. అయితే నేను పదేళ్ల వయసులో ఆ ఎముక చేతిలోకి తీసుకుంటే మాత్రం లాక్కుని, "నువ్వు సదువుకుని ఎల్లిపోతావు, నీకెందుకే" అంది. నాకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చూసింది ఒకటే, నేర్పితే అది నా చేతిలో నిలుస్తుందా లేదా అని. రోజంతా వడికినా చేతికి వచ్చే కూలి ఎంత తక్కువో ఆమెకు తెలుసు. నేను ఆ పీట మీద కూర్చోననీ, కూర్చోకూడదనీ ఆమె ముందే నిశ్చయించుకుంది.

అందువల్ల మూడు లాంతర్లు గారిని ఒకటి సూటిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మీ కుర్రవాళ్లు పర్మినెంటు వారా, కాంట్రాక్టు వారా? ఆరు నెలలకో ఏడాదికో కాంట్రాక్టు మారి ముఖాలు మారిపోతుంటే, ఆ పెద్దమనిషి తన ముప్పై ఏళ్ల చెవిని ఎవరి చెవిలో పొయ్యాలి? వెళ్లిపోయేవాడికి నేర్పి నేర్పి విసిగి ఉంటే అది దాచుకోవడం అవుతుందా?

గంటస్తంభం వీధి (విజయనగరం) సమాధానం

పొందూరు అమ్మ గారి మాటకు ఒక చిన్న అనుబంధం మాత్రం రాస్తాను. మన ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి అధ్యక్షులుగా కూర్చోబెట్టారు. ఆ తర్వాతి కాలంలో చేతిలో పైసా లేకుండా వచ్చిన కుర్ర ఘంటసాలను పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. శాస్త్రి గారు స్వయంగా గొప్ప విద్వాంసులు, అయినా ఈనాడు లక్షలమంది ఆయన పేరు ఎరిగి ఉన్నది శిష్యుడి వల్లనే. గురువుకు తన పేరు కాగితం మీద ఉండటం ఒక తృప్తి. నేను ఫలానా ఆయన దగ్గర నేర్చుకున్నాను అని చెప్పుకుంటూ తిరిగే మనిషి ఉండటం అంతకంటే పెద్ద తృప్తి. మీ మిల్లులో ఫలానా ఆయన శిష్యుడు అని ఎవరినైనా పిలుస్తున్నారా?

మూడు లాంతర్లు (విజయనగరం), మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం, పొందూరు అమ్మ గారి ప్రశ్నకు నా దగ్గర గౌరవంగా చెప్పుకోదగిన సమాధానం లేకపోవడమే. మా ఎనిమిది మంది కుర్రవాళ్లలో ఆరుగురు కాంట్రాక్టు మీద ఉన్నవారు. రెండేళ్లలో పెద్దాయన పక్కన పనిచేసి వెళ్లిపోయినవారిని ఒక కాగితం మీద రాసుకుంటే పద్నాలుగు పేర్లు వచ్చాయి. ఆయన మొదట్లో నేర్పేవారనీ, నాలుగో ఐదో మనిషి వెళ్లిపోయాక మానేశారనీ స్టోరు గుమస్తా చెబితే గాని నాకు తెలియలేదు. నేను ఆ విభాగానికి వచ్చింది ఆయన మానేసిన తర్వాత. కనుక నేను చూసిన మౌనాన్నే ఆయన స్వభావం అనుకున్నాను.

పై వారితో మాట్లాడాను. ఆరుగురినీ పర్మినెంటు చేయడం కుదరదన్నారు. ఇద్దరి విషయంలో మాత్రం వచ్చే ఏప్రిల్ నుంచి తీసుకుంటామని కాగితం ఇచ్చారు. ఆ కాగితం నేను ముందుగా ఆ కుర్రవాళ్లకు కాక పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అయితే ఈలు ఉంటారన్నమాట" అన్నారు. సిస్టర్ గారు చెప్పినట్టు మధ్యాహ్నం షిఫ్టులో రెండు గంటలు ఆయనను బ్రేక్‌డౌన్ పిలుపుల నుంచి తప్పించాను. ఇందుకు మిగిలిన ఇద్దరు సీనియర్లు కొంత గొణిగారు. వారి భారం పెరిగిన మాట వాస్తవం, దానికి ఇంకా దారి వెతుకుతున్నాను.

మొదటి వారం ఏమీ జరగలేదు. కుర్రవాళ్లు ఆయన వెనుక నడిచారు, ఆయన తన పని తాను చేసుకున్నారు. రెండో వారం ఒక ఫ్రేము దగ్గర ఆయన స్క్రూడ్రైవరు పిడిని కుర్రవాడి చెవి వెనుక పెట్టి, మొనను తానే ఒక బేరింగు నుంచి ఇంకొక బేరింగుకు మారుస్తూ, "ఇక్కడ వాన పడతన్నట్టుంది, ఇక్కడ రేకు మీద ఇసుక జల్లినట్టుంది, వినిపిస్తందా?" అని అడిగారు. కుర్రవాడు మొహమాటానికి వినిపిస్తోంది అన్నాడు. "అబద్దమాడకు, నాకూ ఏడాది వినిపించలేదు" అన్నారు ఆయన. ఆ ఒక్క మాటతో ఆ కుర్రవాడు భయం వదిలి రోజుకు పది ప్రశ్నలు అడుగుతున్నాడు. నిన్న వాడు తనంత తానే ఒక బేరింగును అనుమానించాడు. విప్పితే అది బాగానే ఉంది. పెద్దాయన కోప్పడకుండా మళ్లీ బిగించి, అదే వాడిచేత ఇంకోసారి వినిపించారు.

నోటుబుక్కు మాత్రం నేను వదల్లేదు. డబ్బు లేదు, లెక్క లేదు. ఆ రోజు యంత్రం దగ్గర ఏం జరిగిందో సాయంత్రం కుర్రవాడు రాస్తాడు, చెప్పినవారి పేరు పైన ఉంటుంది. మొదటి పేజీ చదివి వినిపిస్తే పెద్దాయన ఆగమని, తన పేరు పైన మరొక పేరు రాయించారు. తనకు ఆ చప్పుడు వినడం నేర్పిన పాత మేస్త్రి పేరు అది. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయిందట, మిల్లు రికార్డుల్లో వెతికితే ఎక్కడా కనిపించలేదు.

గోగు లాటుకు కార్డింగు అమరిక సంగతి ఇంకా బయటికి రాలేదు. కొత్త నార వచ్చే సోమవారం దిగుతుంది. బేళ్లు విప్పే వేళకు ఇద్దరు కుర్రవాళ్లనూ చేతులు కడుక్కుని రమ్మన్నారు.